నెట్ రాని బడి, తనంతట తానే గీతలు గీసే బోర్డు

బడిలో డిజిటల్ పరికరాల వాడకం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఎక్కువమందికి అక్కరకొచ్చే వాటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాల. దాతలు ఇచ్చిన 20 ట్యాబులు బీరువాలో ఉన్నాయి. ఫోన్ సిగ్నలే అంతంతమాత్రం. నెట్ లేకుండా వీటిని వాడే దారి ఉందా?
– గణిత ఉపాధ్యాయుడు, పాడేరు ప్రాంతం

ఉంది. ఇంటర్నెట్ లేకపోయినా వైఫై ఉండొచ్చు. రూటర్ అంటే నెట్ ఇచ్చే పెట్టె అనుకుంటాం గానీ, చుట్టుపక్కల పరికరాలను ఒకదానితో ఒకటి కలపడం కూడా దాని పనే. ఒక ల్యాప్‌టాప్‌లో పాఠాలు నింపి రూటర్‌కు కలిపితే, ట్యాబులన్నీ అక్కడినుంచే పాఠాలు అందుకుంటాయి. ఇందుకు కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని తయారుచేసింది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ ల్యాప్‌టాప్ చాలు.

ముందు నెట్ బాగా వచ్చే చోటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి కొలిబ్రి వేసుకోండి. పాఠాల కట్టలను అందులో చానెళ్లు అంటారు. ఖాన్ అకాడమీ ఇంగ్లిష్ చానెల్ మొత్తం దించబోకండి. పదుల జీబీలు పడుతుంది, అందులో సగం మీ తరగతికి పనికిరాదు. భిన్నాలు, బీజగణితం... ఇలా ఈ నెల చెప్పబోయే అధ్యాయాలకే టిక్ పెట్టి దించండి. ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగు సరుకు తక్కువన్నది నిజం. ఆ లోటు మీరే పూడ్చుకోవచ్చు. కొలిబ్రి స్టూడియోలో ఖాతా తెరిచి, మీరు రికార్డు చేసిన వీడియోలు, ఆడియోలు, పీడీఎఫ్‌లతో సొంత చానెల్ కట్టుకోండి. దానికి వచ్చే టోకెన్‌ను (ఆ చానెల్ సంకేతాన్ని) ల్యాప్‌టాప్‌లో కొడితే మీ పాఠాలూ దిగుతాయి. పిల్లల పేర్లు, తరగతులు కూడా ల్యాప్‌టాప్‌లోని కొలిబ్రిలోనే నమోదు చేసేయండి. పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వచ్చే ఏర్పాటు పెట్టకపోతే పీరియడ్‌లో పదిహేను నిమిషాలు పాస్‌వర్డులు గుర్తుచేయడానికే పోతాయి.

ఇక బడిలో ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలపండి. కేబుల్ గుచ్చాల్సింది లాన్ అని రాసి ఉన్న రంధ్రంలో. వేరే రంగులో విడిగా ఉండే వాన్ రంధ్రంలో పెడితే ట్యాబులకు ల్యాప్‌టాప్ కనబడదు. ట్యాబులో వైఫై కలిపి, బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), దాని పక్కన 8080 కొట్టాలి. ఉదాహరణకు 192.168.0.105:8080. రూటర్ సెట్టింగుల్లో ఆ నంబరును ల్యాప్‌టాప్‌కే కేటాయించేయండి. లేకుంటే రేపు అది మారిపోయి, బోర్డు మీద రాసిన నంబరు పనిచేయదు.

సాధారణంగా నాలుగు చోట్ల చిక్కు వస్తుంది. విండోస్ ఫైర్‌వాల్ బయటి పరికరాలను అడ్డుకుంటుంది కాబట్టి ఆ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని మార్చి, కొలిబ్రికి అనుమతి ఇవ్వాలి. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకుంటే తరగతి మొత్తం ఆగిపోతుంది. స్లీప్‌ను పూర్తిగా తీసేయండి. సిమ్ ఉన్న ట్యాబు ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అని తేల్చుకుని మొబైల్ డేటాకు మారిపోతుంది. డేటా ఆపేసి, ‘అయినా కలిసే ఉండు’ అన్నదాన్ని నొక్కాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ రూటర్ ఆరిపోతుంది. రూటర్లకు చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద 9 వోల్టులా, 12 వోల్టులా అన్నది చూసుకోండి.

రూటర్ ఎందుకు, ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ చాలదా అంటారేమో. విండోస్ హాట్‌స్పాట్‌కు 8 పరికరాలకు మించి కలవవు. ఇంకో మాట, 20 ట్యాబుల్లో ఒకేసారి వీడియో పెడితే ఇంట్లో వాడే రూటర్ తడబడుతుంది. ఇద్దరికో ట్యాబు ఇవ్వండి. లెక్కల దగ్గర ఇది ఎలాగూ మేలు, జవాబు నొక్కేముందు ఇద్దరూ వాదించుకుంటారు.

ప్రశ్న: ప్రశ్నపత్రం డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే, బడి కంప్యూటర్‌లో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తున్నాయి. గూగుల్ ఫారంలో పేస్ట్ చేసినా అంతే.
– తెలుగు పండిట్, జనగామ

మీ పత్రం ‘అను’ అనే పేరున్న పాతరకం తెలుగు ఫాంట్లలో ఉంది. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెడతాయి. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగులా కనిపిస్తుంది. లేనిచోట కింద దాగిన ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు బయటపడతాయి. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. అందుకే అది ఫోన్‌లోనూ, ఫారంలోనూ, వాట్సాప్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది. డీటీపీవాళ్ల తప్పేం లేదు. వాళ్లు వాడే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు.

అచ్చుకే అయితే పీడీఎఫ్ అడిగి తెచ్చుకోండి, ఫాంట్ అందులోనే ఇమిడి వస్తుంది. పాత పత్రాలను మళ్లీ వాడాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మార్చాక కళ్లు మూసుకుని పంచకండి. ఒత్తులు, క్రావడి, అంకెలు, లెక్కల గుర్తులు తారుమారయ్యేది ఇక్కడే. ముఖ్యంగా ‘×’, ‘÷’, ఘాతాంకాలు ఒక్కొక్కటీ చూడాలి.

కొత్త పత్రాలు మీరే యూనికోడ్‌లో కొట్టుకోవడం ఉత్తమం. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా వస్తోంది. భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చి, కీబోర్డు ఎంపికలో ఫొనెటిక్ ఎంచుకోండి. విండోస్ మీటా స్పేస్‌బారూ కలిపి నొక్కితే భాష మారుతుంది. నిర్మలా ఫాంట్ విండోస్‌తోనే వస్తుంది, చదవడానికి బాగుంటుంది. తలకట్లు కాస్త నిండుగా కావాలంటే మండలి, ఎన్టీఆర్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

ప్రశ్న: మా హైస్కూలుకు ఇంటరాక్టివ్ ప్యానెల్ (ముట్టుకుని వాడే పెద్ద డిజిటల్ తెర) వచ్చింది. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ వేసి చదివించడం తప్ప ఇంకేం చేయొచ్చో తోచడం లేదు.
– భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంట్, తెనాలి

పిల్లల చేతిలో ఉన్న పుస్తకాన్నే పెద్దది చేసి చూపిస్తే కరెంటు ఖర్చే. నల్లబల్ల మీద కుదరని పనికే ప్యానెల్‌ను ఆన్ చేయండి. మీ సబ్జెక్టులో ఆ పనికి ఫెట్ సిమ్యులేషన్లను, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలను, మించినవి లేవు. అమెరికాలోని కొలరాడో బోల్డర్ విశ్వవిద్యాలయంలో, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పథకం ఇది. చాలా వాటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్ ఒక్కటే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరవొచ్చు. తెలుగుదీ ఇంగ్లిష్‌దీ రెండూ దించుకుంటే ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాషగా ఉన్న మన ద్విభాషా పుస్తకాలకు సరిగ్గా జత కుదురుతుంది.

పదో తరగతి విద్యుత్ పాఠానికి ఫెట్‌లోని డీసీ సర్క్యూట్ కిట్ తెరవండి. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓమ్‌లతో వస్తాయి. ఒక బల్బు కలిపి అమ్మీటర్ పెడితే 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. ఇక్కడ ఆగండి. రెండో బల్బును శ్రేణిలో కలిపితే ఎంత చూపిస్తుందో, వెలుగు పెరుగుతుందో తగ్గుతుందో ప్రతి ఒక్కరినీ నోటుబుక్కులో రాయమనండి. రాశాకే కలపండి. 0.45 వస్తుంది. సమాంతరంగా కలిపితే మొత్తం 1.8. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఎప్పుడూ ఒకటే అనుకునే పిల్లలు తరగతికి చాలామందే ఉంటారు. వాళ్ల లెక్క తప్పేది ఇక్కడే. ముందు రాయించకపోతే ‘నాకు ముందే తెలుసు సార్’ అంటారు, తప్పు బయటపడదు. చివర్లో ఉత్త తీగతో బ్యాటరీ రెండు కొసలూ కలిపి చూపించండి, తెర మీద బ్యాటరీ మంటలు కక్కుతుంది. షార్ట్ సర్క్యూట్‌ను గదిలో ఇంత భద్రంగా చూపించే వీలు ఇంకోటి లేదు.

అంతా అయ్యాక టార్చి బల్బు, సెల్లు, తీగలు పిల్లల చేతికి ఇవ్వాల్సిందే. సిమ్యులేషన్‌లో మామూలుగా వచ్చే బల్బు నిరోధం మారదు. నిజం బల్బులో ఫిలమెంటు వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది, కాబట్టి రీడింగులు తెర మీద ఉన్నంత చక్కగా రావు. ఎందుకు రాలేదన్న చర్చే పాఠంలో మంచి భాగం.

ప్రశ్న: ప్యానెల్ మీద ఎవరూ ముట్టుకోకుండానే గీతలు పడుతున్నాయి, పేజీలు తిరిగిపోతున్నాయి. టచ్ పాడైనట్టేనా?
– హెచ్ఎం, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, వనపర్తి

చాలావరకు కాదు. ఈ ప్యానెళ్లలో ఎక్కువ వాటికి టచ్ గాజులో ఉండదు. చట్రం లోపలి అంచుల నుంచి కంటికి కనబడని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా వెళుతుంటాయి. వేలు వాటిని అడ్డుకుంటే ‘ఇక్కడ ముట్టారు’ అనుకుంటుంది. సుద్దపొడి పేరుకున్నా, చీమో సాలెగూడో ఉన్నా, వేలాడే రంగుకాగితం తగిలినా అదే లెక్క. ప్యానెల్ ఆపి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో నాలుగు అంచుల లోపలి వైపు తుడవండి. కింది అంచులోనే దుమ్ము ఎక్కువ. నీళ్లు, కొలిన్ లాంటివి నేరుగా తెర మీద కొట్టొద్దు, అంచుల్లోకి కారతాయి. కిటికీ ఎండ నేరుగా పడినా ఇలాగే అవుతుంది, తెర కట్టి చూడండి. పక్కనే నల్లబల్ల ఉండి సుద్దముక్క వాడుతుంటే ఈ బాధ వారానికోసారి తప్పదు. ఇవన్నీ చేశాక కూడా గీతలు ఒకేచోట పడుతుంటే అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి.

ప్రశ్న: రెండో తరగతికి బొమ్మల కథలు ఆన్‌లైన్ నుంచి ప్రింట్ తీసి పంచితే కాపీరైట్ గొడవ వస్తుందా?
– ఎస్జీటీ, టెక్కలి

ఎక్కడినుంచి తీశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో కథలు ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. ప్రింట్ తీయొచ్చు, పంచొచ్చు, అనువదించొచ్చు, మార్చనూ వచ్చు. రచయిత, చిత్రకారుల పేర్లున్న చివరి పేజీని మాత్రం తీసేయకూడదు. తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉన్నాయి, రెండో తరగతికి ఒకటో స్థాయితో మొదలుపెట్టండి. కథలోని మాటలను మీ శ్రీకాకుళం పిల్లల ఇంటి మాటల్లోకి మార్చి చదివించడానికీ లైసెన్సు అడ్డురాదు. గూగుల్‌లో వెతికితే దొరికిన ప్రతి బొమ్మకూ ఈ వెసులుబాటు ఉండదు.

ప్రశ్న: పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ కావడం లేదు.
– ఒక తల్లి, కరీంనగర్

కోడ్ కింద ఆరు అక్షరాల సంకేతం అచ్చై ఉంటుంది. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో స్కాన్ చేసే బదులు దాన్ని టైపు చేయండి. పాఠం తెరుచుకున్నా ఏమీ కనబడకపోతే, యాప్‌లో మొదట ఎంచుకున్న బోర్డు, మాధ్యమం, తరగతి సరిచూడండి. గత ఏడాది తరగతి మార్చకుండా వదిలేసినవాళ్లే ఎక్కువ. వీడియో వచ్చాక డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత నెట్ లేకున్నా నడుస్తుంది.