నాన్నగారి ప్రోస్టేట్ క్యాన్సర్: ఆపరేషనా, రేడియేషనా తేల్చుకునే ముందు

నాన్నగారికి 68 ఏళ్లు, పీఎస్ఏ (ప్రోస్టేట్‌కి చేసే రక్తపరీక్ష) 12, బయాప్సీలో గ్లీసన్ (క్యాన్సర్ తీవ్రత చెప్పే గ్రేడు) 4+3, ఒకరు రోబోటిక్ సర్జరీ అంటే ఇంకొకరు రేడియేషన్ అన్నారు, ప్రోస్టేట్ వాపుకి ఇచ్చే యూరిమాక్స్ డి మాత్ర రెండేళ్లుగా వాడుతున్నారు అని రాశారు. ముందు ఆ మాత్ర సంగతే చూడాలి. అందులోని డ్యుటాస్టెరైడ్ ఆరు నెలలు దాటి వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అంటే ఆయన అసలు అంకె 24 దగ్గర ఉండొచ్చు. 20 దాటితే హై రిస్క్ కిందే లెక్క. రేడియేషన్‌తో పాటు ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు (మగ హార్మోన్‌ని తగ్గించేవి) ఆరు నెలలతో ఆగుతాయా, ఏడాదిన్నర నుంచి మూడేళ్లు సాగుతాయా అన్నది అక్కడే తేలుతుంది. ఏం మందులు వాడుతున్నారని ఓపీలో అడిగితే పెద్దవాళ్లు బీపీ, షుగర్ చెప్పి ఊరుకుంటారు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి, ఇద్దరు డాక్టర్లకూ చూపించండి.

హై రిస్క్ అని తేలితే, జబ్బు వేరేచోటికి పాకిందేమో చూసే పీఎస్ఎంఏ పెట్ స్కాన్, అది కుదరకపోతే సీటీ, బోన్ స్కాన్ కాకుండా ఆపరేషన్ డేటు ఖాయం చేసుకోవద్దు. స్కాన్ కాకముందే హార్మోన్ ఇంజెక్షన్ వేస్తామంటే ఎందుకో అడగండి. బయాప్సీకి ముందు ఎమ్మారై తీయకపోతే ఇప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. లోపల మిగిలిన రక్తం వల్ల బొమ్మ సరిగా రాదు.

సెకండ్ ఒపీనియన్‌కి రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. బయాప్సీ చేసిన చోట రాతపూర్వకంగా అడిగి స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో భద్రపరిచినవి) తీసుకోండి, స్కాన్ల సీడీలు కూడా. వేరే చోట వాటిని మళ్లీ చూశాక 4+3 కాస్తా 3+4 అయినా, 4+4 అయినా వైద్యం మారిపోవచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి.

"ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇవ్వొచ్చు, రేడియేషన్ తర్వాత ఆపరేషన్ కష్టం" అని సర్జన్లు చెప్పేది నిజమే. కానీ హై రిస్క్‌లో ఆపరేషన్ అయ్యాక కూడా రేడియేషన్ అవసరపడేవాళ్లు తక్కువేం కాదు. అందుకే సర్జన్‌ని ఇలా అడగండి: మీరు చేసినవాళ్లలో ఏడాది తర్వాత కూడా మూత్రం లీకవుతూ ప్యాడ్ వాడుతున్నవాళ్లు ఎంతమంది? రేడియేషన్ డాక్టరుకి చెప్పాల్సింది వేరు. రోజూ మూత్రాశయం నిండుగా, మలాశయం ఖాళీగా ఉంచుకుని బల్ల మీద పడుకోవాలి. నాన్నగారు అరగంట కూడా ఆపుకోలేకపోతే ఆ మాట ముందే చెప్పండి. హార్మోన్ ఇంజెక్షన్లతో షుగర్ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. మొదలుపెట్టక ముందే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసేది) చేయించండి. ఖర్చు తగ్గుతుందని వృషణాలు తీసేసే ఆపరేషన్ సూచిస్తే, అది శాశ్వతమని గుర్తుంచుకోండి. కొన్ని నెలల కోర్సుకి అది బదులు కాదు.

జబ్బు పేరు ఆయనకి చెప్పొద్దని అమ్మగారు అంటున్నారన్నారు. సంతకం పెట్టాల్సింది ఆయనే, చెప్పక తప్పదు. అంగస్తంభన గురించి పిల్లల ముందు ఆయన అడగరు. ఐదు నిమిషాలు మీరు బయటికి వచ్చేయండి.

వైద్యం ఏ దశలో ఉన్నా నడుంనొప్పితో పాటు కాళ్లలో పట్టు తగ్గినా, తిమ్మిరెక్కినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.