పిల్లికి దురద తగ్గకపోతే అది పడుకునే చోటు చూడండి

రెండు నెలలుగా ఆయింట్‌మెంటు రాస్తున్నా తోక మొదట్లో గోకుడు ఆగలేదంటే, కారణం చాలావరకు ఫ్లీలు, అంటే గెంతే సన్న పురుగులు. కనబడలేదని కొట్టిపారేయకండి. పిల్లి వాటిని నాకి మింగేస్తుంది. అలర్జీ ఉంటే ఒకటి రెండు కాట్లే చాలు.

1. సన్నపళ్ల దువ్వెనతో నడుము దువ్వండి. రాలిన నల్లని నలుసులను తడి తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగోధుమ రంగు దిగితే అది పురుగు విసర్జించిన రక్తమే.

2. అందరూ వదిలేసేది ఇదే. గుడ్లు, లార్వాలు (గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగులు) ఎక్కువగా ఉండేది ఒంటి మీద కాదు, ఇంట్లో. విజయనగరంలో మా పిల్లి బియ్యం బస్తాల పక్కన గోనెసంచి మీద పడుకునేది. ఆ సంచిని నల్లగుడ్డ మీద దులిపితే ఉప్పురవ్వల్లా తెల్లని గుడ్లు రాలాయి! పక్కగుడ్డలు వారం వారం వేడినీళ్లలో ఉతకండి. మంచం కింద, మూలల్లో రోజూ ఊడవండి. వానాకాలం ఉక్కలో ఇవి మరీ పెరుగుతాయి.

3. మెడ వెనక వేసే చుక్కల మందు పశువైద్యుడు బరువు చూసి చెప్పిందే వాడండి. నెలకోసారి, కనీసం మూడు నెలలు, ఇంట్లోని పిల్లులన్నిటికీ. కుక్కలకు వేసే పెర్మెత్రిన్ అనే పురుగుమందు మాత్రం వద్దు, పిల్లి ప్రాణం పోతుంది.

గుండ్రటి బోడి మచ్చలుంటే తామర కావచ్చు. అది ఇంట్లో చిన్నపిల్లలకూ అంటుతుంది, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.