ఐదో మాట రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి తల్లికి,

ప్రభువు నామంలో వందనాలు.

గుడ్ ఫ్రైడే ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదోది, 'నేను దప్పిగొనుచున్నాను' అన్నది, ఈసారి నీకు ప్రసంగించడానికి ఇచ్చారని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన కాగితాలు తీరిగ్గా చదివాను. వాక్యం మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలో కనబడుతోంది. ఒక్క ముక్క మాత్రం కొట్టెయ్యమంటాను. 'ఆయన దప్పి నీళ్ల కోసం కాదు, నశించిపోతున్న ఆత్మల కోసం' అని రాశావు. ఆత్మల కోసం అన్నది ఉంచు. నీళ్ల కోసం కాదు అన్నది తీసెయ్యి.

ఆ వాక్యం మన పల్పిట్ల మీద ఏటా వినబడేదే. అనగానే అందరూ ఆమెన్ అంటారు, అందుకే అంత సులువుగా కలంలోకి వచ్చేస్తుంది. కానీ ఆ రోజు ఏం జరిగిందో చూడు. రాత్రంతా నిద్ర లేకుండా ఒక విచారణ నుంచి ఇంకో విచారణకు తిప్పారు. కొరడాలతో కొట్టారు. రక్తం పోయింది. రక్తం పోయిన మనిషికి నోరెలా పిడచగట్టుకుపోతుందో, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నవాళ్లని అడిగితే చెబుతారు. 'నేను దప్పిగొనుచున్నాను' అన్నది ముందు ఆ నోరే. నాలుగు సువార్తల్లో ఈ మాట రాసింది యోహాను ఒక్కడే. వాక్యం, అంటే క్రీస్తు, శరీరధారి అయిందని మొదటి అధ్యాయంలో రాసిందీ ఆయనే. శరీరమన్నాక దాహం వేస్తుంది తల్లీ. ఆ దాహాన్ని పక్కకు నెట్టేస్తే, ఆయన మనలాంటి ఒళ్లుతో వచ్చాడన్న సంగతే పలచబడిపోతుంది.

ఆ తర్వాత జరిగింది నువ్వు అసలు ముట్టుకోలేదు. సిలువ వెయ్యకముందు బోళం అనే చేదు జిగురు కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదని మార్కు రాశాడు. చివర్లో స్పంజీని చిరకలో ముంచి, హిస్సోపు పుడకకు తగిలించి నోటికందిస్తే మాత్రం పుచ్చుకున్నాడు. చిరకంటే సైనికులు తాగే చౌకరకం పుల్లటి ద్రాక్షారసం. పగిలిన పెదాలకు అది తగిలితే ఎలా ఉంటుంది? అక్కడ ఒక పేరా ఆగు. తొందరపడి ఆత్మల దగ్గరికి పరిగెత్తకు.

ఇంకో సంగతి. నువ్వు మాట్లాడబోయేది కవిటి పక్క ఊళ్లో. 'నీళ్లు దొరికే మనకు దాహమంటే ఏం తెలుసు' అని అక్కడ ఎలా అంటావు? శ్రీకాకుళం జిల్లాలో కవిటి చుట్టుపక్కల ఈ ఉద్దానం ప్రాంతంలో ఏళ్ల తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం నీళ్లా, పురుగుమందులా, ఎండలో చాలినన్ని నీళ్లు తాగకుండా చేసే పనా, ఇదీ అని ఇంకా తేలలేదు. 2023లో హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు వచ్చాయి, మంచిదే. కానీ డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నీళ్లు ఎదురుగా ఉన్నా తాగే వీల్లేదు. రోజుకు ఎంత తాగాలో డాక్టరు కొలత పెడతారు. అలాంటి ఒకాయన మే నెలలో తోట గట్టు మీద కూర్చుని, చిన్న స్టీలు గ్లాసులో నీళ్లు పోసుకుని, నోరంతా తిప్పి, సగం ఉమ్మేసి, తడి తువ్వాలు పెదాల మీద పెట్టుకోవడం నేను చూశాను. పక్కనే బిందె నిండా నీళ్లున్నాయి. నీ ముందు చాపల మీద అలాంటివాళ్లు ఉంటారు. రొట్టె విరిచే ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ఆ చిన్న గ్లాసు ద్రాక్షారసం కూడా వాళ్ల కొలతలోకే వస్తుంది. వాళ్లను మనసులో పెట్టుకుని రాయి.

'యేసును ఎరిగినవారికి ఇక దాహం ఉండదు' అన్న నీ మూడో పేరా దగ్గర కూడా కాస్త ఆగాను. నేనిచ్చే నీళ్లు తాగేవాళ్లకు ఇక ఎన్నడూ దప్పి కాదని బావి దగ్గర సమరయ స్త్రీకి ఆయన ఇచ్చిన వాగ్దానం నిజం, దాన్ని తగ్గించి చెప్పొద్దు. కానీ అరవై మూడో కీర్తన తీసి చదువు. దావీదు యూదా అరణ్యంలో ఉన్నాడు. 'నా దేవుడవు నీవే' అని ముందు అన్నాడు, ఆ తర్వాతే నీకోసం దాహంగా ఉంది అన్నాడు. దేవుణ్ణి ఎరిగినవాడి దాహం అది. ప్రాణంతో పాటు శరీరం కూడా ఆశపడుతోందని అదే వచనంలో ఉంది. కాబట్టి ప్రార్థనలో ఎండిపోయినట్టుందని ఏడ్చేవాళ్లను విశ్వాసం లేనివాళ్లుగా చూపించకు. అలా అడగడం కూడా ప్రార్థనే అని ధైర్యంగా రాయి. సుఖారు ఊరి బావి దగ్గర ఆ సమరయ స్త్రీని ఆయన నీళ్లు అడిగాడు కానీ, తాగాడని యోహాను ఎక్కడా రాయలేదు. ఆమె కుండ అక్కడే వదిలి ఊళ్లోకి వెళ్లిపోయింది. ఈ సంగతి నన్ను ఎన్నో ఏళ్లుగా వదలడం లేదు, నీకు పనికొస్తే వాడుకో.

ఆ రోజు నువ్వు ఉపవాసం ఉంటావు కదా. మధ్యాహ్నానికి నాలుక ఎలా ఉందో, ఎవరో మజ్జిగ డ్రమ్ము మూత తీస్తే చూపు ఎటు పోయిందో గమనించి రాసిపెట్టుకో. వచ్చే ఏడాది పనికొస్తుంది.

నీ వంతు వచ్చేసరికి రెండు దాటుతుంది, జనం అలసిపోయి ఉంటారు. పది నిమిషాలకు మించొద్దు. తిరగరాశాక ముందు మీ నాన్నమ్మకు చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ 'అంటే ఏటమ్మా' అని అడిగితే అక్కడ మళ్లీ రాసి, ఆ తర్వాత పాస్టరు గారికి చూపించు.

ప్రభువునందు,
మీ మాస్టారు,
విజయనగరం