పెన్‌డ్రైవ్ మార్చే ముందు బయాస్ తేదీ చూడు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఉబుంటు లినక్స్ ఇన్‌స్టాల్ కావడం లేదనీ, మెనూ దాకా వచ్చి ఆ తర్వాత స్క్రీన్ నల్లబడి అక్కడే ఆగిపోతోందనీ నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. పెన్‌డ్రైవ్ మార్చావు, ఐఎస్‌ఓ (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైల్) మళ్లీ దించావు, దాన్ని రూఫస్ ప్రోగ్రాంతో కాకుండా ఇంకోదానితో కూడా పెన్‌డ్రైవ్‌లోకి రాసి చూశావు. ఇక పెన్‌డ్రైవ్‌ని వదిలెయ్యి తల్లీ. ఆ ల్యాప్‌టాప్‌లో బయాస్, అంటే ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాం, ఏ సంవత్సరానిదో చూడు. ఏళ్ల తరబడి కాలేజీ ల్యాబ్ మిషన్లతోనే గడిపినవాడిగా చెబుతున్నాను, ఇలాంటప్పుడు చాలామంది చిట్టచివర చూసేది అదే.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టు. వచ్చే పేజీలో బయాస్ వెర్షన్, పక్కనే తేదీ ఉంటాయి. ల్యాప్‌టాప్ కొన్న నాటి తేదీయే ఇంకా ఉందంటే దాన్ని ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

విండోస్ బాగానే నడుస్తోంది కాబట్టి మిషన్‌లో లోపం లేదని రాశావు. అది సగమే నిజం. మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటి ఉంటుంది, బయాస్ ఉండేది అందులోనే, దాన్నే ఫర్మ్‌వేర్ అని కూడా అంటారు. పవర్ బటన్ నొక్కగానే ముందు పని మొదలుపెట్టేది అదే. మెమరీని సిద్ధం చేస్తుంది. బ్యాటరీ, ఫ్యాన్, స్లీప్ ఎలా నడపాలో చెప్పే పట్టికలను ఆపరేటింగ్ సిస్టమ్‌కి అందిస్తుంది. వీటిని ఏసీపీఐ పట్టికలు అంటారు. కంపెనీ తన మిషన్‌ని విండోస్‌తో మాత్రమే టెస్ట్ చేసి వదిలితే, ఆ పట్టికల్లో ఉన్న తప్పు విండోస్‌లో బయటపడకపోవచ్చు. లినక్స్ అదే తప్పు దగ్గర ఆగిపోవచ్చు. తర్వాత వచ్చే బయాస్ అప్‌డేట్లలో ఇలాంటివి సరిచేస్తుంటారు.

అలాగని ప్రతి తంటాకీ బయాస్‌నే అనుమానించకు. ముందు ఉబుంటు మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ అనే రెండో లైన్ ఎంచుకుని చూడు. దానితో డెస్క్‌టాప్ వచ్చేస్తే గొడవ గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర ఉంది. ఎన్‌విడియా కార్డున్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. దానికి బయాస్ మార్చాల్సిన అవసరం ఉండకపోవచ్చు.

మీ రూమ్మేట్ సంగతి వేరు. విండోస్ 11 కొత్తగా వేద్దామంటే డిస్కులు చూపించే పేజీ ఖాళీగా ఉందన్నావు కదా. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కులను నడిపే వీఎండీ అనే బయాస్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. దానికి డ్రైవర్ లేకపోతే ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీ కనబడదు. కంపెనీ సైట్‌లో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, అదే పేజీలో లోడ్ డ్రైవర్ నొక్కమను. వీఎండీ ఆఫ్ చేసినా డిస్క్ కనిపిస్తుంది. కానీ అప్పటికే ఉన్న విండోస్ అలా ఆఫ్ చేస్తే నీలం స్క్రీన్ చూపించి లేవకపోవచ్చు. మళ్లీ ఆన్ చేస్తే లేస్తుంది, డేటా ఎక్కడికీ పోదు, కంగారు పడొద్దని చెప్పు.

ఇక నీ మిషన్. సేఫ్ గ్రాఫిక్స్‌తో కూడా లేవకపోతే, బయాస్ కూడా పాతదైతే, అప్‌డేట్ చెయ్యి. ల్యాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబర్, డెల్ అయితే సర్వీస్ ట్యాగ్, కంపెనీ సైట్‌లో కొట్టి అక్కడి నుంచే ఫైల్ దించుకో. డ్రైవర్లన్నీ ఒకేచోట దొరుకుతాయని చెప్పే సైట్ల జోలికి అస్సలు పోవద్దు. మోడల్ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైల్ వేరు కావచ్చు.

ఫైల్ పక్కనే రిలీజ్ నోట్స్ ఉంటాయి. నువ్వు శ్రద్ధగా చదవాల్సింది వాటినే. ఏ వెర్షన్‌లో ఏం సరిచేశారో అక్కడ రాస్తారు. కొన్నిసార్లు ముందు ఫలానా వెర్షన్‌కి వెళ్లి, ఆ తర్వాతే దీనికి రావాలని ఉంటుంది. ఈ వెర్షన్‌కి వచ్చాక పాతదానికి తిరిగి వెళ్లలేరని కూడా ఉంటుంది. ఆ రెండూ చూడకుండా ఫైల్ మీద డబుల్ క్లిక్ కొట్టొద్దు. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే రక్షణ) గురించి ఏమైనా రాశారేమో కూడా చూడు. మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చిన సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్‌తో మొదలై ఒక్కొక్కటిగా ముగుస్తుంది. వాటి స్థానంలో 2023 సర్టిఫికెట్లు రావాలి. కొన్ని మిషన్లకు అవి సరిగ్గా ఎక్కాలంటే కొత్త ఫర్మ్‌వేర్ కావాలి. లినక్స్ వేసుకునేవాళ్లకూ ఇది పట్టే విషయమే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. బిట్‌లాకర్. డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం అది. నువ్వు ఆన్ చేయకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ తాళం (ఎన్‌క్రిప్షన్) దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. ఫర్మ్‌వేర్ మారితే, ఆ తాళంచెవిని దాచే టీపీఎం చిప్ ఆ తేడా గుర్తుపడుతుంది, విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అప్పుడు ఆ కీ లేకపోతే నీ ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు అన్నీ డిస్క్‌లోనే ఉంటాయి, కానీ తెరవడం ఎవరివల్లా కాదు. సర్వీస్ సెంటర్ వాళ్లవల్ల కూడా. అందుకని ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి కీ చూసి, కాగితం మీద రాసుకో. తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యి. ముఖ్యమైన ఫైళ్లు ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. బయాస్‌లోకి వెళ్లి ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకో. అప్‌డేట్ తర్వాత సెట్టింగులు మొదటికి వచ్చే అవకాశం ఉంది, ఏది ఎలా ఉండేదో గుర్తుపెట్టుకోవడం కష్టం.

ఛార్జర్ పెట్టే ఉంచు, బ్యాటరీ సగానికి పైగా ఉండాలి. బ్యాటరీ బాగుంటే మధ్యలో కరెంటు పోయినా భయం లేదు. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడిచే మిషన్ అయితే మాత్రం యూపీఎస్ లేనిదే ఈ పని పెట్టుకోకు. గాలివాన రోజున అసలే వద్దు.

విండోస్ నుంచి ఫైల్ నడపొచ్చు. నాకు మాత్రం బయాస్ నుంచే చేయడం ఇష్టం, మధ్యలో యాంటీవైరస్సూ ఇంకో ప్రోగ్రామూ అడ్డురావు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఫైల్ పెట్టు. డెల్‌లో ఎఫ్12 నొక్కితే బయాస్ ఫ్లాష్ అప్‌డేట్ అని కనిపిస్తుంది. ఆసుస్‌లో ఎఫ్2తో లోపలికి వెళితే ఈజీ ఫ్లాష్ ఉంటుంది. విండోస్ తీసేసి లినక్స్ ఒక్కటే ఉన్న మిషన్లకూ దారి ఉంది. ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ప్రోగ్రాం డెల్, లెనోవో, హెచ్‌పీల చాలా మోడళ్లకు ఫర్మ్‌వేర్ తెచ్చి పెడుతుంది.

మొదలయ్యాక ఏం కనిపిస్తుందో ముందే చెబుతున్నాను, టెన్షన్ పడకుండా. గీత నెమ్మదిగా నిండుతుంది. ఫ్యాన్ ఒక్కసారిగా ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది. స్క్రీన్ పూర్తిగా ఆరిపోయి కొన్ని నిమిషాలు అలాగే ఉండొచ్చు. దానంతట అదే ఆగి, లేచి, మళ్లీ ఆగుతుంది. చచ్చిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కేది సరిగ్గా అప్పుడే. నొక్కకు. మూత కూడా వెయ్యకు. అరగంట దాకా దాని మానాన దాన్ని వదిలెయ్యి.

ఒకవేళ నిజంగానే లేవకపోయినా అంతా అయిపోయినట్టు కాదు. హెచ్‌పీలో విండోస్ కీ, బీ కలిపి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే చాలా మోడళ్లు పాత ఫర్మ్‌వేర్‌తో తేరుకుంటాయి. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ పట్టుకుని ఛార్జర్ గుచ్చాలి. అదీ కుదరకపోతే చిప్ లెవెల్ సర్వీస్ చేసేవాళ్లున్నారు, సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడుగు. ఆ ఎనిమిది కాళ్ల చిప్‌కి చిన్న క్లిప్ తగిలించి, ప్రోగ్రామర్ అనే పరికరంతో ఫర్మ్‌వేర్‌ని మళ్లీ రాస్తారు.

లేచాక ఫొటోలు చూసి సెట్టింగులు సరిచేసుకో, వీఎండీని, సెక్యూర్ బూట్‌ని ముఖ్యంగా చూడు. విండోస్ ఒకసారి పూర్తిగా లేచాక బిట్‌లాకర్‌ని మళ్లీ ఆన్ చెయ్యి. ఆ తర్వాతే ఉబుంటు పెన్‌డ్రైవ్ పెట్టు.

ముందు ఆ ఎంఎస్ఇన్ఫో పేజీనీ, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబర్‌నీ ఫొటో తీసి పంపు. రిలీజ్ నోట్స్ నేనూ చదివి చెబుతాను. ఆదివారం పగటిపూట పెట్టుకుందాం, ఫోన్ దగ్గరే ఉంచుకుంటాను.

మీ మామయ్య