విండోస్ సెక్యూరిటీ పాలసీని ప్రోగ్రామ్‌తో చదవాలంటే? 94 కంప్యూటర్లకు దొంగ పాస్ మార్కులు వేసినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పాస్‌వర్డ్ కనీసం ఎన్ని అక్షరాలు ఉండాలి, ఎన్నిసార్లు తప్పు కొడితే ఖాతా లాక్ అవుతుంది, ఎవరికి ఏ హక్కులున్నాయి, ఇవన్నీ సెక్‌పోల్ (విండోస్‌లో ఈ నియమాలను చూపించే తెర) తెరవకుండా మీ సీ షార్ప్ ప్రోగ్రామ్‌తో చదవాలి, రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు, అంతా వెతికారు, ఎక్కడా కనపడలేదు.

కనపడదు. పాస్‌వర్డ్ పాలసీ ఖాతాల వివరాలుండే శామ్ డేటాబేస్‌లో ఉంటుంది, అడ్మిన్‌గా రెజ్‌ఎడిట్ (రిజిస్ట్రీని చూపించే ప్రోగ్రామ్) తెరిచినా ఆ కొమ్మ ఖాళీగానే కనిపిస్తుంది. ఎవరికి ఏ హక్కు అన్న లెక్క ఎల్ఎస్ఏ దగ్గర, అంటే విండోస్‌లో లోకల్ సెక్యూరిటీ చూసుకునే భాగం దగ్గర ఉంటుంది. సెక్యూరిటీ ఆప్షన్స్ అనే భాగంలోవి మాత్రం చాలావరకు నిజంగానే రిజిస్ట్రీలో ఉంటాయి, ఉదాహరణకు ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాతో నెట్‌వర్క్ నుంచి లాగిన్ కాకుండా ఆపే లిమిట్‌బ్లాంక్‌పాస్‌వర్డ్‌యూజ్. ఒకటే తెర మీద పక్కపక్కన చూపిస్తారు కాబట్టి అన్నీ ఒకేచోట ఉన్నాయనుకుని మనం రెండు రోజులు రిజిస్ట్రీ మీద పడి వెతుకుతాం. నేనూ వెతికాను.

అయితే చదవడం పెద్ద కష్టం కాదు. చదవలేకపోయినప్పుడు మీ ప్రోగ్రామ్ ఏం చెప్తుంది అన్నది అసలు కష్టం, దాన్ని ఎవరూ అడగరు. నా కథ చెప్తాను.

2021లో నేను మాదాపూర్‌లో ఒక చిన్న ఐటీ సపోర్ట్ కంపెనీలో చేసేవాణ్ణి. మా క్లయింట్లలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ల సంస్థ ఉండేది, పేరెందుకులెండి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా సిటీలో 11 బ్రాంచీలు, మొత్తం 94 కంప్యూటర్లు. అన్నిటినీ ఒకేచోటు నుంచి నడిపే డొమైన్ లేదు, ఏమీ లేదు, ఏ మెషీన్ రాజ్యం దానిదే. కొన్నయితే బ్రాంచి మేనేజర్లు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళి బేరమాడి కొనుక్కొచ్చినవి, వాటిలో విండోస్ హోమ్ ఉండేది. హోమ్‌లో సెక్‌పోల్ తెరే రాదు, దాంతో "దీంట్లో పాలసీ లేదు సార్" అని వాళ్ళే తీర్పు చెప్పేశారు. తెర లేనంత మాత్రాన పాలసీ లేకుండా పోదు, కమాండ్ తెరలో నెట్ అకౌంట్స్ అని కొడితే హోమ్ కూడా తన సంగతి చెప్తుంది.

సోమవారం ఆడిట్ అని మాకు శుక్రవారం సాయంత్రం తెలిసింది. మా సీనియర్ అన్న "స్క్రిప్ట్ రాసెయ్, రిమోట్‌లో అన్నిటి మీదా నడిపేద్దాం, రిపోర్ట్ వస్తుంది" అన్నాడు, అనేసి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. నేనేమో అమీర్‌పేటలో మూడు నెలలు పైథాన్ నేర్చుకుని వచ్చిన సరుకు, హుషారుగా కూర్చున్నాను. సెక్ఎడిట్ అని విండోస్‌లోనే ఒక కమాండ్ ఉంటుంది, దానికి ఎక్స్‌పోర్ట్ అని చెప్పి ఫైల్ పేరిస్తే పాలసీని ఒక ఐఎన్ఎఫ్ ఫైల్‌లో రాసి ఇస్తుంది. సిస్టమ్ యాక్సెస్, ప్రివిలేజ్ రైట్స్ అంటూ విభాగాలు, వాటి కింద మినిమమ్‌పాస్‌వర్డ్‌లెంగ్త్ ఈక్వల్ టు ఇంత అని లైన్లు. నా ల్యాప్‌టాప్‌లో తీసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కావలసిన లైన్లు వేరే ఫైల్‌లోకి కాపీ చేసి, ఆ నమూనా పెట్టుకుని స్క్రిప్ట్ రాశాను. అద్భుతంగా నడిచింది.

రాత్రి పదకొండింటికి దిల్‌సుఖ్‌నగర్ మొదటి మెషీన్ మీద వదిలితే కీ ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. లాకౌట్ లైన్ లేదంటుంది. నాకు ఆశ్చర్యం కలగలేదు, అదే నా కొంప ముంచింది. ఎందుకంటే లాకౌట్‌బ్యాడ్‌కౌంట్ సున్నా ఉంటే, అంటే ఎన్నిసార్లు తప్పు కొట్టినా లాక్ కాదన్నమాట, అప్పుడు లాకౌట్ ఎంతసేపు అన్న లైన్ ఆ ఫైల్‌లో అసలు రాదని నా ల్యాప్‌టాప్‌లో అప్పటికే చూశాను. ఇదీ అలాంటిదే అనుకుని, ఏ లైన్ దొరక్కపోయినా ఎర్రర్ కొట్టకుండా "ఓకే" అని రాసుకుని ముందుకు వెళ్ళేలా ఒక చిన్న మార్పు చేశాను. ఒక్క లైన్ మార్పు. మళ్ళీ వదిలాను. 94కి 94 పచ్చగా వచ్చాయి. ఆ ఎక్సెల్ చూసుకుని ఎంత మురిసిపోయానో! అర్ధరాత్రి అన్నకి వాట్సాప్‌లో పంపితే బొటనవేలు పెట్టాడు.

సోమవారం వచ్చిన ఆడిటర్ మేడమ్ మహా అయితే ముప్ఫై ఏళ్ళుంటారు, పెద్దగా మాట్లాడరు. మా రిపోర్ట్ పక్కన పెట్టుకుని, రిసెప్షన్‌లో శాంపిల్ ట్యూబులకు స్టిక్కర్లు కొట్టే కంప్యూటర్ దగ్గర కూర్చుని నెట్ అకౌంట్స్ అని కొట్టారు. పాస్‌వర్డ్ కనీస పొడవు సున్నా, లాకౌట్ నెవర్. మా కాగితం మీద అదే మెషీన్‌కి ఎదురుగా రెండు పచ్చ టిక్కులు. "ఈ రిపోర్ట్ ఎవరు చేశారండీ?" అని అడిగారు, కోపంగా కూడా కాదు, మామూలుగా. అన్న నా వైపు చూశాడు. నేను స్టిక్కర్ల ప్రింటర్ వైపు చూశాను.

జరిగిందేంటంటే, సెక్ఎడిట్ ఆ ఫైల్‌ని యూటీఎఫ్-16లో రాస్తుంది, అంటే ప్రతి ఇంగ్లిష్ అక్షరం తర్వాత ఒక సున్నా బైట్ ఉంటుంది. విండోస్ మీద నా పైథాన్ ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పాత 1252 కోడ్‌పేజీగా చదివేది. అది ఎర్రర్ కూడా కొట్టదు, ఏ అక్షరానికి ఆ అక్షరం మధ్యలో కనపడని సున్నాతో చదువుకుంటూ పోతుంది, ఇక నేను వెతికే పదం ఏ లైన్‌లో దొరుకుతుంది? యూటీఎఫ్-8 అని చెప్పి ఉన్నా మొదటి బైట్ దగ్గరే అరిచి చచ్చేది, బతికిపోయేవాణ్ణి. నమూనా ఎందుకు నడిచిందంటే, నోట్‌ప్యాడ్‌లో కాపీ చేసి సేవ్ చేసినప్పుడు అది మామూలు ఫైల్ అయిపోయింది. అంటే నా స్క్రిప్ట్ 94 మెషీన్లలో ఒక్కదాని పాలసీ కూడా చదవలేదు. అన్నిటికీ పాస్ మార్కులు వేసింది. ఎన్‌కోడింగ్ సరిచేసి మళ్ళీ నడిపితే 71 ఎర్రగా వచ్చాయి.

అప్పటినుంచి నేను రాసే ఏ చెకింగ్ ప్రోగ్రామ్‌లోనైనా జవాబులు మూడు: సరే, సరికాదు, చదవలేకపోయాను. మూడోది లేకుండా కోడ్ చూపిస్తే మా జూనియర్లను రివ్యూలో వెనక్కి పంపుతాను, తిట్టుకున్నా సరే. ఇంకొక చిక్కు కూడా ఉంది: ఏదైనా హక్కు ఎవరికీ ఇవ్వకపోతే సెక్ఎడిట్ ఫైల్‌లో ఆ లైనే ఉండదు. అక్కడ లైన్ లేకపోవడం అంటే "ఎవరికీ లేదు" అని అర్థం, ఫైల్ పాడైందని కాదు. కాబట్టి ముందు విభాగం పేరు దొరికిందా అని చూసుకోండి, దొరికాకే లైన్ సంగతి.

ఇక మీ సీ షార్ప్ సంగతి. ఫైల్ గొడవే వద్దనుకుంటే పాస్‌వర్డ్, లాకౌట్ విలువలకు నెట్‌యూజర్‌మోడల్స్‌గెట్ అనే ఫంక్షన్ ఉంది, నెట్‌ఏపీఐ32 డీఎల్ఎల్‌లో. లెవెల్ 0 అడిగితే పొడవు, గడువు. లెవెల్ 3 అడిగితే లాకౌట్. గడువు సెకన్లలో ఇస్తుంది, విండోస్ డిఫాల్ట్ అయిన 42 రోజులు 36,28,800గా వస్తాయి. గడువే లేదంటే 32 బిట్లూ ఒకట్లతో నింపి ఇస్తుంది, దాన్ని తెలియక 86,400తో భాగిస్తే 49,710 రోజులు అని వస్తుంది. ఒక రిపోర్ట్‌లో అలా 136 ఏళ్ళ గడువు చూసి మా అన్న "మనవడు మార్చుకుంటాడులే" అన్నాడు. పని అయ్యాక, అది ఇచ్చిన మెమరీని వదిలేయడానికి నెట్‌ఏపీఐబఫర్‌ఫ్రీ పిలవడం మర్చిపోవద్దు. పాస్‌వర్డ్‌లో అంకెలు, గుర్తులు కలవాలన్న కాంప్లెక్సిటీ నిబంధన మాత్రం ఇందులో రాదు, దానికి సెక్ఎడిట్టే సులువు.

హక్కులకైతే ఎల్ఎస్ఏఓపెన్‌పాలసీ, తర్వాత ఎల్ఎస్ఏఎన్యూమరేట్‌అకౌంట్స్‌విత్‌యూజర్‌రైట్. అందరూ పడే గొయ్యి ఒకటుంది, ఆ ఎల్ఎస్ఏ స్ట్రింగ్‌లో లెంగ్త్ బైట్లలో ఇవ్వాలి, అక్షరాల్లో కాదు. అక్షరాల్లో ఇస్తే సగం పేరే వెళ్తుంది, అలాంటి హక్కు లేదంటుంది. జవాబుగా వచ్చేవి పేర్లు కావు, సిడ్‌లు, అంటే ఒక్కో ఖాతాకి, గ్రూప్‌కి విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు. ఎస్-1-5-32-544 అంటే అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్. పోల్చేటప్పుడు సిడ్‌తోనే పోల్చండి, పేర్లు విండోస్ భాషను బట్టి మారతాయి. నెట్ అకౌంట్స్ ఇచ్చే అక్షరాలను ముక్కలు చేసి చదివే కోడ్ నెట్‌లో కుప్పలుగా ఉంటుంది, ఇదే కారణంగా దాన్ని నమ్మను. ఆ కమాండ్ మనిషి కళ్ళతో చదవడానికి, ఆడిటర్ మేడమ్ చదివినట్టు. విండోస్ ఏ సంఘటనలను లాగ్‌లో రాయాలో చెప్పే ఆడిట్ పాలసీలో ఉపవిభాగాలు కావాలంటే ఆడిట్‌పోల్ కమాండ్ వాడండి, అవి సెక్ఎడిట్ ఫైల్‌లో రావు.

డిఫాల్ట్ ఇంతే కదా అని కోడ్‌లో రాసేయకండి. విండోస్ 11 22హెచ్2 కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే పది తప్పులకు పది నిమిషాల లాకౌట్ ముందే పెట్టి ఉంటుంది, పాత మెషీన్లలో అది సున్నా. ఒకే గదిలో పక్కపక్క టేబుళ్ళ మీద రెండు రకాలూ చూశాను.

ప్రశ్నకు సంబంధం లేకపోయినా ఇంకొకటి కక్కేస్తాను. మేం సోమవారం తలదించుకున్న ఆ ఆడిట్ నిబంధనల ఎక్సెల్‌లో "పాస్‌వర్డ్ 30 రోజులకోసారి మార్చాలి" అని కూడా ఉంది. ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది, మైక్రోసాఫ్ట్ కూడా 2019లో విండోస్ 10 1903కి ఇచ్చిన బేస్‌లైన్‌లోంచి, అంటే తాను సిఫార్సు చేసే సెట్టింగుల జాబితాలోంచి, ఆ నిబంధన తీసేసింది. మన ఎక్సెల్స్‌కి ఆ కబురు అందలేదు. 30 రోజులు పెట్టిన రెండో నెలకల్లా ఆ రిసెప్షన్ మానిటర్ కింద పసుపు చీటీ వెలిసింది, దాని మీద పాస్‌వర్డ్, పాత నెల కొట్టేసి కొత్త నెల పేరు. దాన్ని చదవడానికి ఏ ఏపీఐ అక్కర్లేదు.

మీరు దీన్ని సర్వీసుగా నడుపుతున్నారా, మామూలు యూజర్‌గా నడుపుతున్నారా చెప్పలేదు. సెక్ఎడిట్ అడ్మిన్ హక్కులు అడుగుతుంది, నెట్‌యూజర్‌మోడల్స్‌గెట్ మామూలు మెషీన్‌లో లాగిన్ అయిన యూజర్‌కి కూడా జవాబిస్తుంది. మెషీన్లు డొమైన్‌లో ఉన్నాయా లేదా కూడా రాయండి, ఎందుకంటే డొమైన్ ఖాతాల పాస్‌వర్డ్ నియమాలు డొమైన్ కంట్రోలర్ దగ్గర ఉంటాయి, మీరు లోకల్‌గా చదివింది ఆ మెషీన్‌లోని లోకల్ ఖాతాలకే వర్తిస్తుంది. ఆ రెండూ చెప్తే ఎల్ఎస్ఏ భాగం కోడ్ నాది పెడతాను.