రిమాండ్ పడితే శిక్ష పడినట్టేనా?

దర్శి దగ్గర పొలం గట్టు గొడవలో మీ అన్నయ్యను ఎ2గా, అంటే రెండో నిందితుడిగా చేర్చారని, స్టేషన్ నుంచి 35(3) నోటీసు (అరెస్టు చేయకుండా, ఫలానా తేదీకి హాజరు కమ్మని పోలీసులిచ్చేది) వచ్చిందని రాశారు. రిమాండ్ పడితే శిక్ష పడినట్టేనా, రెండు సెక్షన్లుంటే రెండు శిక్షలూ కలిపి అనుభవించాలా అని అడిగారు.

రిమాండ్ శిక్ష కానే కాదండీ. మాది కోవూరు వైపు. రొయ్యల గుంటకు నీళ్లు పెట్టే కాలవ దగ్గర కొట్లాటలో మా చిన్నాన్న కొడుకు మీద కేసు పడింది. రిమాండ్ అనగానే మా పిన్ని అన్నం మానేసింది. ఊళ్లో మాత్రం "వాడికి శిక్ష పడిందంట" అని చెప్పేసుకున్నారు. ఆ మాట ఆడపిల్ల వాళ్ల చెవిన పడి, ఖాయమైన సంబంధం తప్పిపోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే టైము పోను, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. దర్యాప్తు ఇంకా మిగిలి ఉందంటే మేజిస్ట్రేటు కస్టడీకి పంపుతారు. రిమాండ్ అంటే అదే. అప్పటికి ఒక్క సాక్షి కూడా బోనెక్కలేదు, ఛార్జిషీటే పడలేదు. ఆ మనిషి నిందితుడే. విచారణ జరిగి, నేరం రుజువైందని కోర్టు తీర్పు చెప్పాకే దోషి. బెయిల్ సంగతీ అంతే. బెయిల్ వస్తే కేసు పోయినట్టు కాదు, వాయిదాలకు వెళ్లాల్సిందే. ఎగ్గొడితే వారెంటు వస్తుంది, జామీను ఉన్నవాళ్లకూ చిక్కే. ఇంకోటి, 60 రోజుల్లో, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. ఛార్జిషీటు పడేలోపే పిటిషన్ వేసుకోవాలి.

మీ అన్నయ్యకు నోటీసు రావడం ఒకరకంగా మంచిదే. వెంటనే అరెస్టు అక్కర్లేదనుకున్నప్పుడే అది ఇస్తారు. 7 ఏళ్ల వరకు శిక్ష ఉండే కేసుల్లో ఊరికే అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నోటీసులో రాసిన తేదీకి తప్పకుండా వెళ్లమనండి. వెళ్లకపోతే అరెస్టు చేయొచ్చు. భయంగా ఉంటే లాయరుతో మాట్లాడి సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిల్ వేసుకోండి.

నోటీసులో సెక్షన్లు చూడండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ (పాత శిక్షాస్మృతి) బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చి నంబర్లు మారాయి. మామూలు దెబ్బల కేసు పాత 323, ఇప్పుడు 115(2). ఏడాది వరకు శిక్ష, దెబ్బలు తిన్నవాళ్లు ఒప్పుకుంటే రాజీ కుదురుతుంది. కత్తి, గొడ్డలి లాంటి వాటితో గాయపరిస్తే పాత 324, ఇప్పుడు 118(1). దీనికి 3 ఏళ్ల వరకు ఉంది. పెద్దమనుషుల్లో ఒప్పందం చేసుకోబోయే ముందు ఏ సెక్షన్ రాజీకి వస్తుందో లాయర్ని అడగండి. అన్నీ రావు.

ఇక రెండు శిక్షలు. తీర్పులో "ఏకకాలంలో" అని ఉంటే 3 ఏళ్లు, ఏడాది కలిపి నాలుగు కావు, మూడే. రిమాండ్‌లో ఉన్న రోజులు కూడా అందులోంచి తీసేస్తారు. జరిమానా కట్టకపోతే పడే జైలు మాత్రం విడిగా ఉంటుంది.

లాయరు ఫీజు భారమైతే మీ కోర్టులో న్యాయసేవా కమిటీని అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. బెయిల్ పిటిషన్ కూడా ఆ లాయరే వేస్తారు.