మ్యాప్ చూసి బోరు పాయింట్ పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది నల్లగొండ జిల్లా. రెండెకరాల చెలకలో మూడు బోర్లు వేశాం. ఒక్కటే పడింది, అదీ మార్చికల్లా ఆగిపోతోంది. చివరిది కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని తిరిగినాయన చూపించిన చోటే వేశాం, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మా అబ్బాయి భూకోశ్ వెబ్‌సైట్‌లో మా ఊరి రాళ్ళ మ్యాప్ తీశాడు. అది చూసి నాలుగోది వేయొచ్చా?

జవాబు: మ్యాప్ దాచుకోండి, రిగ్గు మాత్రం ఇప్పుడే పిలవకండి. అది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళది, 1851 నుంచీ ఉన్న సంస్థ, మ్యాప్‌ను అనుమానించే పని లేదు. కానీ అది 1:50,000 స్కేలు, అంటే కాగితం మీద సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ఆ లెక్కన మీ రెండెకరాలు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు, బాల్‌పెన్నుతో చుక్క పెడితే పొలమంతా దాని కిందకే పోతుంది. ఫోన్‌లో వేళ్ళతో పెద్దది చేస్తే గీత లావవుతుంది గానీ కొత్త సంగతేమీ రాదు.

మరి దేనికి పనికొస్తుందంటారా? మీ వైపు ఎక్కువగా గ్రానైటే. గట్టి గ్రానైట్‌లో నీళ్ళుండవు, పైన కుళ్ళిన రాతిలోనూ కింద పగుళ్ళలోనూ ఉంటాయి. మ్యాప్‌లో గ్రానైట్‌కు అడ్డంగా సన్నటి పొడుగు గీతలు కనిపిస్తే అవి డైక్‌లు, ఊరి బయట వరసగా నల్లగుండ్లు తేలి ఉంటాయే, అవే. చాలాచోట్ల అవి భూమిలో గోడలా నిలబడి ఎగువ నుంచి వచ్చే నీటిని ఆపేస్తాయి. అలాంటిదేమైనా మీ పొలం పక్కనుంచి పోతోందా, మీరు ఎగువన ఉన్నారా దిగువన ఉన్నారా చూసుకోండి. ఆ తర్వాత నాలుగు ఇనుప కడ్డీలు భూమిలో దిగ్గొట్టి కరెంటు పంపి చూసే రెసిస్టివిటీ సర్వే చేయించండి, రీడింగుల కాగితం అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆయనా కొబ్బరికాయ బాపతే!

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. కేంద్ర భూగర్భజల మండలి పరిశీలన బావుల్లో నీటి మట్టం, నీటి గుణం కొలిచి ఆ లెక్కలు బయటపెడుతుంది. మీ మండలానికి దగ్గర బావిలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడండి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకపోతే 1.5 దాకా. ఇంకా లోతుకు పోతే తగ్గుతుందనే గ్యారంటీ లేదు, రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్ళు రాతిలోని ఫ్లోరైడ్‌నూ ఎక్కువ కలుపుకుంటాయి. కాచినా పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో పెరుగుతుంది. పొలంలో బోరు పడినా తాగే ముందు ఒక సీసా టెస్టుకు పంపండి.

ప్రశ్న: మా వాగు ఇసుకలో పసుపు రేకులు మెరుస్తున్నాయి. జియలాజికల్ సర్వే వాళ్ళ జియోకెమికల్ డేటాలో, అంటే మట్టిలో ఏ మూలకం ఎంతుందో కొలిచిన లెక్కల్లో, మా ఊరి గడిలో బంగారం అంకె కూడా ఉంది. భూమి ధర పెంచొచ్చా?

జవాబు: అప్పుడే తొందరపడకండి. ఆ గడి 2 కిలోమీటర్లకు 2 కిలోమీటర్లు, అంటే దాదాపు 1,000 ఎకరాల వాగు మట్టి కలిపి తీసిన అంకె, అదీ వంద కోట్లలో ఎన్ని వంతులన్న లెక్క. సున్నా కానంత మాత్రాన గని ఉన్నట్టు కాదు. రేకును సూదితో నొక్కండి. బంగారమైతే సొట్ట పడుతుంది, పొరలుగా ఊడితే ఎండకూ వానకూ రంగు మారిన అభ్రకం. ధర సంగతి సూది చెప్పాక చూద్దాం.